తెర సరళంగా ఉంటేనే సేవ చేరువ
యాప్‌లు, వెబ్‌సైట్ల రూపకల్పనలో పాటించవలసిన మూల సూత్రాలు

యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదు. ఈ చిన్న విషయం తెలియక మోసపోయినవారు ఎందరో ఉన్నారు. ‘మీకు డబ్బు పంపుతున్నాను, పిన్ నొక్కండి’ అని మోసగాడు ఫోనులో చెప్పేవాడు. తెర మీద కనిపించేది మాత్రం డబ్బు కోరుతూ అతడు పంపిన ‘కలెక్ట్’ అభ్యర్థన. పిన్ నొక్కిన మరుక్షణం ఖాతాలోని సొమ్ము అతడికి చేరేది.

ఇటువంటి మోసాలను అరికట్టేందుకు 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య ‘కలెక్ట్’ సదుపాయాన్ని నిలిపివేయాలని భారత జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) ఆదేశించింది. సొమ్ము పంపే ముందు, అందుకునే వ్యక్తి పేరు బ్యాంకు రికార్డుల్లో ఉన్నట్లే తెర మీద చూపాలని కూడా అదే ఏడాది నిర్దేశించింది. జాగ్రత్తగా ఉండమని వినియోగదారుకు హెచ్చరికలు చేయడం ఒక పద్ధతి. పొరబడే దారినే మూసివేయడం అంతకంటే మేలైన పద్ధతి. మంచి ఇంటర్‌ఫేస్ రూపకల్పనకు ఇదే పునాది.

గుర్తుంచుకోవడం కంటే గుర్తుపట్టడం సులువు

మనిషికీ యంత్రానికీ మధ్య సంభాషణ జరిగే తావే ఇంటర్‌ఫేస్. తెర మీది అక్షరాలు, బటన్లు, రంగులు, సందేశాలు అన్నీ అందులో భాగాలే. ఈ రంగంలో నిపుణుడైన జాకబ్ నీల్సన్ 1994లో క్రోడీకరించిన పది సూత్రాలు నేటికీ ప్రామాణికంగా ఉన్నాయి. వినియోగదారు జ్ఞాపకశక్తి మీద భారం మోపరాదన్నది వాటిలో ఒకటి. ముందు తెరలో చూసిన దరఖాస్తు సంఖ్యను తరువాతి తెరలో మళ్లీ రాయమనడం ఈ సూత్రానికి విరుద్ధం. ఆ సంఖ్యను యాప్ తానే చూపాలి.

జరుగుతున్నదేమిటో ఎప్పటికప్పుడు తెలియజేయడం మరో సూత్రం. చెల్లింపు నొక్కిన తరువాత తెర కదలకుండా ఉండిపోతే, ఆందోళనతో రెండోసారి నొక్కేవారు ఉంటారు. ‘చెల్లింపు జరుగుతోంది, మళ్లీ నొక్కవద్దు’ అన్న ఒక్క వాక్యం ఆ ఆందోళనను తొలగిస్తుంది. లోపాన్ని తెలిపే సందేశం కూడా దిద్దుకునే దారి చూపాలి. ‘చెల్లని ఇన్‌పుట్’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘మొబైల్ నంబరులో 10 అంకెలు ఉండాలి, మీరు 9 రాశారు’ అంటే పని ముందుకు సాగుతుంది.

తెలుగు తెరకు ప్రత్యేక శ్రద్ధ

ఆంగ్లంలో రూపొందించిన తెరలోని మాటలను తెలుగులోకి మార్చినంత మాత్రాన అది తెలుగు యాప్ కాదు. తెలుగు అక్షరాలకు పైన గుణింతపు గుర్తులు, కింద వత్తులు ఉంటాయి. ఆంగ్ల అక్షరాలకు సరిపోయేలా వరుసల ఎడం ఉంచితే వత్తులు తెగిపోతాయి, ఒక వరుస మరో వరుసను తాకుతుంది. ఆంగ్లంలో ఒక్క పొట్టి మాటతో ముగిసే బటన్‌లో తెలుగు మాట ఇమడకపోవచ్చు. ‘సమర్పించు’ అనే అనువాద పదం కంటే ‘దరఖాస్తు పంపండి’ అన్న మాట చదువరికి వెంటనే బోధపడుతుంది.

పేరు రాసే గడి మరో ఉదాహరణ. ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత రాయడం తెలుగువారి పరిపాటి. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గళ్లు ఇస్తే ఏది ఎక్కడ రాయాలో తెలియక తికమకపడతారు. ఆపై ఆధార్‌లోని పేరుతో సరిపోలలేదంటూ దరఖాస్తు తిరిగి రావచ్చు. ‘ఆధార్‌లో ఉన్నట్లే పూర్తి పేరు రాయండి’ అంటూ ఒకే గడి ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

సరళత పేరిట మభ్యపెట్టరాదు

రూపకల్పన నేర్పును వినియోగదారుకు వ్యతిరేకంగా వాడేవారూ ఉన్నారు. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చందా రద్దు చేసుకునే దారిని దాచిపెట్టడం, చివరి దశలో ధర పెంచి చూపడం, లేని తొందరను సృష్టించడం ఈ కోవలోనివి. వీటిని ‘డార్క్ ప్యాటర్న్స్’ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసి, ఇటువంటి 13 పద్ధతులను నిషేధించింది.

అందరికీ అందినప్పుడే సేవ

చూపు సరిగా లేనివారు, చేతులు వణికే వృద్ధులు కూడా అదే యాప్‌ను వాడవలసి వస్తోంది. సాధారణ పరిమాణపు అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. లేత బూడిద రంగు అక్షరాలు ఎంత అందంగా కనిపించినా ఈ పరీక్షలో నెగ్గవు.

ఇది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. కళ్లు ఆర్పి చూపితేనే పూర్తయ్యే ఈ-కేవైసీ ప్రక్రియ వల్ల తాము సేవలకు దూరమవుతున్నామని యాసిడ్ దాడి బాధితులు, దృష్టిలోపం ఉన్నవారు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. డిజిటల్ సేవలను పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని న్యాయస్థానం 2025 ఏప్రిల్ 30న స్పష్టం చేసింది.

పరీక్ష ఇలా

తెర సరళంగా ఉందో లేదో తేల్చవలసింది దానిని తయారుచేసినవారు కాదు. ఆ యాప్‌ను ఎన్నడూ చూడని వ్యక్తి చేతికి ఫోను ఇచ్చి, ‘కరెంటు బిల్లు కట్టండి’ వంటి ఒక పని అప్పగించి, మాట సాయం చేయకుండా గమనించాలి. వేలు ఎక్కడ ఆగిందో లోపం అక్కడ ఉన్నట్లు. ఐదుగురితో ఇలా పరీక్షించినా చాలా లోపాలు బయటపడతాయని నీల్సన్ సూచించారు. ఆ ఐదుగురిలో ఒక వృద్ధురాలు, ఆంగ్లం రాని ఒక రైతు ఉంటే ఫలితం మరింత నమ్మదగినదిగా ఉంటుంది. పింఛను, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి చీటీ అన్నీ ఫోను తెర మీదికి చేరుతున్న వేళ, ఇంత కొద్దిపాటి పరీక్షను దాటవేయడానికి ఏ సంస్థకూ సాకు లేదు.