పొగ కాదది, కాలని కట్టె!

పిల్లలూ! పెరట్లో మూడు రాళ్ళు పేర్చి ఎప్పుడైనా వంట చేశారా? పోనీ, కార్తీకమాసపు వనభోజనాల్లో పెద్దవాళ్ళు చేస్తుంటే చూసే ఉంటారు. అన్నం కుతకుత ఉడుకుతుంటే మనకు నోరూరుతుంది. కాని పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మకు కళ్ళవెంట నీళ్ళు! పొగ వస్తే మనం పక్కకు జరుగుతాం. వండే మనిషి ఎక్కడికి జరుగుతుంది? ఇంతకీ ఈ పొగ ఏమిటి? దీన్ని తగ్గించడం మన చేతిలో ఉందా? చూద్దాం రండి.

మూడు రాళ్ళే ఎందుకు?

నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేలమీద ఊగుతుంది. మూడు కాళ్ళ పీట ఊగదు. నేల ఎలా ఉన్నా మూడు కాళ్ళూ ఒకేసారి ఆనుతాయి. మూడు రాళ్ళమీద గిన్నె కదలకుండా నిలిచేదీ అందుకే. పైగా రాళ్ళ సందుల్లోంచి కట్టెలు ఎగదోయవచ్చు, గాలీ ఆడుతుంది.

మంట ఎక్కడుంది?

కట్టె మండుతోందని అంటాం. కాని దూరంనుంచే తేరిపార చూడండి. మంట చాలావరకు కట్టెకు కాస్త పైన ఆడుతూ ఉంటుంది. కట్టె 200 నుంచి 300 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడెక్కేసరికి అందులోని పదార్థాలు విడిపోయి ఆవిర్లుగా, వాయువులుగా బయటికి వస్తాయి. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండితే అదే మంట. మిగిలిన బొగ్గు పెద్ద మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతుంది.

మరి ఆ ఆవిర్లకు చాలినంత వేడి గాని, గాలి గాని అందకపోతే? మండకుండానే తప్పించుకుపోతాయి. అదే పొగ! అంటే మనం కొట్టి తెచ్చుకున్న కట్టెలో కొంత భాగం వంటకు పనికిరాకుండా గాలిలో కలిసిపోతోందన్నమాట.

నమ్మకం కలగలేదా? పెద్దవాళ్ళను పక్కన ఉంచుకొని ఈ ప్రయోగం చేయండి. గాలి లేనిచోట కొవ్వొత్తి వెలిగించి, కాసేపాగి ఆర్పండి. వత్తినుంచి తెల్లని పొగ లేస్తుంది. వెంటనే వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి తగలకుండా ఆ పొగకు చూపండి. మంట పొగ వెంబడి దిగివచ్చి వత్తిని మళ్ళీ వెలిగిస్తుంది!

పచ్చికట్టె తినేసే వేడి

పచ్చికట్టెలో నీరుంటుంది. ఒక గ్రాము నీటిని 0 డిగ్రీలనుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి 100 కాలరీలు చాలు. ఆ మరిగే నీటిని ఆవిరిగా మార్చాలంటే మరో 540 కాలరీలు కావాలి. అన్నం ఉడికించవలసిన వేడిని కట్టెలోని నీరే తినేస్తుంది. పొయ్యి చల్లబడి పొగ చిమ్ముతుంది. ఊదుగొట్టంతో ఊదితే అదనంగా గాలి అంది, భగ్గున మంట లేచి పొగ తగ్గుతుంది.

ఎండుకట్టె వాడినా, మూడు రాళ్ళ పొయ్యిలో 100 పాళ్ళ వేడి పుడితే గిన్నెకు అందేది సుమారు 10, 15 పాళ్ళే. మిగతాది గాలిపాలు, రాళ్ళపాలు, నేలపాలు.

పొగ చేసే హాని

పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. ఊపిరితిత్తుల లోతులకు చేరే సన్నని మసి రేణువులూ ఉంటాయి. ఇళ్ళలోని ఇలాంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నిప్పులు పొగ లేకుండా ఉన్నా మోసపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి ఎన్నడూ ఉంచకూడదు.

ఈ బాధ తప్పించాలని మన హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు 1950 దశకంలోనే పొగగొట్టం గల మట్టిపొయ్యిని రూపొందించారు. వేడిగాలి తేలిక కనుక గొట్టంలో పైకి లేస్తుంది. దాని చోటులోకి కింద కొత్తగాలి దూరుతుంది. పొగ వంటింట్లో నిలవదు.

మీరేం చేయవచ్చు?

ఈసారి పెరట్లో వంటంటే ముందుగానే కట్టెలు ఎండబెట్టండి. లావు మొద్దులను సన్నగా చీల్పించండి. పొయ్యినిండా కుక్కకండి, గాలికి దారి వదలండి. మూడువైపులా మట్టి ఎత్తి గాలివాటు ఆపండి. గిన్నెమీద మూత పెట్టండి.

వంటయ్యాక వేడి బూడిదలో ఒక చిలగడదుంప పూడ్చండి. బూడిద వేడిని నెమ్మదిగా వదులుతుంది. ఆ నిదానంలో దుంపలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. అందుకే దానికంత తీపి! చివరికి నిప్పులమీద నీళ్ళు చల్లి ఆర్పడం మరవకండి. మొదటి దుంప మాత్రం అమ్మకే. ఈసారి ఆమె కళ్ళవెంట నీళ్ళు రాలేదేమో చూడండి!