మీకు తెలుసా? పాత ఇంటి బండకు పులుపు పడదు

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఇంకా మిగిలిన పాత ఇళ్లలోకి వెళితే అరికాలికి చల్లగా తగిలేది చాలాచోట్ల తాండూరు బండో, షాబాదు బండో. రెండూ సున్నపురాయే. తాండూరు మన వికారాబాద్ జిల్లాలోనే ఉంది. షాబాదు ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా, 1956 దాకా అదీ హైదరాబాద్ రాష్ట్రమే.

సున్నపురాయి కనుక పులుపు దానికి శత్రువు. నిమ్మరసమో, చింతపండు పులుసో ఒలికి ఆరిపోతే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ఇక బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది. మురికి వదులుతోందని మురిసిపోతాం గానీ, కరిగేది బండే!

పాత ఇళ్లలో కనిపించే మరో నేల మొజాయిక్ గచ్చు. సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పరిచి, గట్టిపడ్డాక అరగదీస్తారు. ముక్కలు పైపొర మందమంతటా ఉంటాయి కాబట్టి, నీళ్లు పోస్తూ మళ్లీ మిషన్ పట్టిస్తే కొత్త ముఖం బయటపడుతుంది. దానిమీదే టైల్స్ అతికిస్తే నేల ఎత్తు పెరిగి, తలుపుల అడుగు కోయాల్సి వస్తుంది. పగలగొట్టించే ముందు ఒక మూల పాలిష్ పట్టించి చూడండి.