వాలును కాచే వట్టివేరు

మన దేశంలో ప్రభుత్వ రంగ సంస్థల గనులు, జలవిద్యుత్ కేంద్రాలు, రైలు మార్గాలు అనేకం కొండలను ఆశ్రయించి వెలసినవే. వాటిని ఆనుకొని ఉన్న కాలనీలలోనూ చాలావరకు కొండను తొలిచి, మన్ను పోసి, చదును చేసిన నేలపై కట్టినవే. అందువలన క్వార్టర్ల వెనుకనో, పిల్లలు బడికి వెళ్లే దారి పక్కననో నిటారైన మట్టి వాలు ఒకటి తరచుగా కనిపిస్తుంది. వేసవిలో దానిని ఎవరూ పట్టించుకోరు. తొలకరి పడి, ఎర్రనీరు మురుగుకాలువను పూడ్చి, గట్టు అంచు కోసుకుపోయినప్పుడు గాని దాని ఉనికి గుర్తుకు రాదు. అట్టి వాలును స్వల్ప వ్యయంతో, స్వల్ప పోషణతో నిలిపి ఉంచే ఉపాయం ఒకదానిని, దాని పరిమితులతో సహా, ఇక్కడ వివరించదలచాము.

కోతకు మూలం

పెద్ద వానచినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. పచ్చదనం లేని నేలపై ఆ తాకిడికి మట్టి రేణువులు విడివడి, నేలలోని సూక్ష్మరంధ్రాలను పూడ్చివేస్తాయి. నీరు లోనికి ఇంకక పైపైన పారుతుంది. వాలు పొడవు పెరిగే కొద్దీ నీటి వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగింతలవుతుంది. మొదట వేలెడంత చాలు, తరువాత పాయ, ఆ పిమ్మట గండి ఏర్పడతాయి. కనుక మట్టిని పట్టి ఉంచడంతో పాటు నీటి నడకను మందగింపజేయడం అత్యవసరం.

మనకు తెలిసిన గడ్డియే

ఈ రెండు పనులనూ ఒక్కటిగా నెరవేర్చేది వట్టివేరు. తెలుగువారికి ఇది కొత్త కాదు. వేసవిలో గుమ్మాలకు కట్టి నీళ్లు చల్లే తడికలు దీని వేళ్లతో అల్లినవే. ఆయుర్వేదంలో దీనిని ఉశీరమంటారు. తమిళంలోని ‘వెట్టివేర్’ అనే మాటే పాశ్చాత్య భాషలలో ‘వెటివర్’గా స్థిరపడింది.

సాధారణ గడ్డి వేళ్లు పైపొరలోనే పరుచుకుంటాయి. వట్టివేరు మాత్రం నిలువుగా దిగుతుంది. అనుకూలమైన నేలలో 3 మీటర్ల లోతుకు చేరుతుంది. మలేషియాలో 1990 దశకంలో జరిపిన పరీక్షలలో దీని వేళ్ల తన్యబలం మెత్తని ఉక్కు బలంలో సుమారు ఆరోవంతు ఉన్నట్లు తేలింది. నేలపైన బిరుసైన కాడలు ఒకదానినొకటి ఒరుసుకొని కంచెవలె నిలుస్తాయి. నీరు ఆ కంచె గుండా నెమ్మదిగా వడగట్టుకొని పోతుంది. ఒండ్రు వెనుకనే ఆగుతుంది. ఒండ్రు పెరిగితే గడ్డియూ దానితో పైకి లేస్తుంది. కొన్నేళ్లకు వాలు దానంతట అదే మెట్లు మెట్లుగా మారుతుంది. దక్షిణాదిన సాగులో ఉన్న రకం మొలకెత్తే విత్తనాలను దాదాపుగా ఇవ్వదు. నేలపై తీగలు సాగించదు. అందువలన కలుపుగా వ్యాపిస్తుందన్న భయం లేదు.

కర్ణాటకలో మైసూరుకు చేరువనున్న గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరాలుగా దీనిని పొలం గట్లపై పెంచుతున్నారు. 1950 దశకంలో ఫిజీ చెరకు తోటలలో దీనిని నేలకోతకు అడ్డుగా నాటిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, 1980 దశకంలో ప్రపంచబ్యాంకు పక్షాన రిచర్డ్ గ్రిమ్‌షాతో కలిసి భారతదేశంలో దీనికి ప్రాచుర్యం కల్పించారు. 1990 దశకంలో థాయిలాండ్ రాజు భూమిబల్ తన దేశమంతటా దీని సాగును ప్రోత్సహించారు.

కొంకణ్ నేర్పిన పాఠం

1998లో పూర్తిగా అందుబాటులోకి వచ్చిన కొంకణ్ రైలుమార్గం సహ్యాద్రి పాదాలను కోసుకొని సాగుతుంది. అక్కడ 2003 జూన్ 22న వైభవవాడి సమీపంలో పట్టాలపైకి జారిన బండరాళ్ల వలన ప్రయాణికుల రైలు పట్టాలు తప్పింది. 50 మందికి పైగా మరణించారు. మరుసటి సంవత్సరం జూన్ 16న కరంజాడి వద్ద మరొక ప్రమాదం సంభవించింది. అటుపిమ్మట ఆ ప్రభుత్వ రంగ సంస్థ కోతల వాలు తగ్గించడం, బండలకు ఉక్కు వలలు తొడగడం, సిమెంటు పూత వేయడం వంటి పనులతో పాటు మెత్తని మట్టి ఉన్నచోట్ల వట్టివేరు నాటించింది. రాతికి రాతి వైద్యం, మట్టికి మట్టి వైద్యం చేయాలన్నది ఇందులోని పాఠం.

నాటే విధానం

ముందుగా వాలు నెత్తిన మళ్లింపు కాలువ తవ్వి, పైనీరు వాలుపైకి రాకుండా చూడాలి. వరుసలు వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగాలి. తాపీ మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో ఈ ఎత్తును గుర్తించవచ్చును. వరుస ఒకచోట కిందికి వంగితే నీరంతా అక్కడికే చేరి గండి కొడుతుంది. నిటారు వాలుపై వరుసకూ వరుసకూ నడుమ 1 నుండి 2 మీటర్ల ఎత్తు వ్యత్యాసం ఉండాలి. కుదురును చీల్చి, రెండు మూడు కాడలున్న పిలకలను తీసుకొని, పైభాగాన్ని 20, వేళ్లను 10 సెంటీమీటర్లకు కత్తిరించి, 10 నుండి 15 సెంటీమీటర్ల దూరంలో నాటాలి. వర్షాకాల ప్రారంభం ఇందుకు తగిన సమయం. వరుసల నడుమ ఖాళీ నేలపై గరికను పరిస్తే చినుకుల తాకిడి తప్పుతుంది.

స్వల్ప పోషణ అంటే పోషణే అక్కరలేదని అర్థం కాదు. వాన మొగం చాటేస్తే తొలి వారాలలో నీరు పోయాలి. చచ్చిన పిలకల చోట వెంటనే కొత్తవి నాటాలి. మొదటి రెండేళ్లు కలుపు తీసి, ఏటా ఒకటి రెండు పర్యాయాలు పైభాగాన్ని కత్తిరిస్తే పిలకలు ఒత్తుగా వస్తాయి. నీడ దీనికి శత్రువు. చెట్ల కింద నాటి ప్రయోజనం లేదు. వరుసలో ఒక్క ఖాళీ మిగిలినా నీటికి అదే ద్వారమవుతుంది. రెండు వర్షాకాలాలు శ్రద్ధ వహించగలిగితే తరువాత పని చాలా తక్కువ.

గడ్డి ఆపలేనిది

వేళ్లు చేరని లోతులో నేల జారితే ఏ గడ్డీ దానిని ఆపలేదు. 2024 జూలై 30న వయనాడ్‌లో రెండు వందల మందికి పైగా బలిగొన్న విలయం దట్టమైన అడవి ఉన్న ఎత్తులలోనే ఆరంభమైంది. వాలు నెత్తిన కొత్త పగుళ్లు కనిపించినా, చెట్లు, విద్యుత్ స్తంభాలు ఒరిగినా, వాలు పాదాన హఠాత్తుగా బురదనీటి ఊట పుట్టినా గడ్డిని నమ్ముకొని ఉండరాదు. కుటుంబంతో సహా ఇల్లు విడిచి సురక్షిత స్థలానికి చేరి, వెంటనే సివిల్ విభాగానికి తెలియజేయాలి. అట్టి చోట్లకు ఇంజనీర్ల పరీక్ష, లోతైన నీటి కాలువలు, అడ్డుగోడలు అవసరమవుతాయి.

మన కుటుంబాలు పాటించవలసినవి కొన్ని ఉన్నవి. మేడపై నీటి గొట్టాన్ని వాలుపైకి వదలరాదు. పెరటి చెత్తను, ఇంటి మరమ్మతుల మట్టిని అంచున పోయరాదు. దగ్గరి దారి కోసం వాలును మెట్లుగా తవ్వరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది, సువాసన కోసమో తడికల కోసమో ఆ వేళ్లను పెకలించరాదు. పరిమళం కావలసినవారు పెరటిలో వేరే కుదురు పెంచుకోవచ్చును. వాలుపైనున్న వేరు నేలలోనే ఉండాలి.