ఒక్క తూటా

మా మేనమామ పశువుల డాక్టరు. ఆయన బల్ల సొరుగులో, మందు సీసాల వెనుక, పాత వెబ్లీ రివాల్వరు ఒకటి ఉండేది. "జబ్బు నయం చేసేవారికి ఇదెందుకు మామయ్యా?" అని అడిగితే, "మందులకు లొంగని బాధ ఒకటుంటుందిరా" అనేవారు.

1961 వేసవిలో ఆ మాట అర్థమయింది. లారీ తగిలి ఒక జట్కా గుర్రం నడిరోడ్డున కూలిపోయింది. ముందుకాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అలా కాలు విరిగిన గుర్రం కోలుకోవడం బహు అరుదు. జట్కా సాయిబు దాని మెడ నిమురుతూ కూర్చున్నాడు.

మామయ్య చేతిలో రెండు రకాల తూటాలున్నాయి. లోహపు తొడుగున్నదాన్ని తిరిగి జేబులో వేసుకున్నారు. అంత దగ్గర నుంచి కాలిస్తే అది తల దాటి, రాతికి కొట్టుకుని, ఎవరికైనా తగలవచ్చు. ఉత్త సీసపుది లోపలే ఆగే అవకాశం ఎక్కువ. జనాన్ని దూరం పంపారు. ప్రతి కంటి నుంచి ఎదుటి వైపు చెవికి గీత గీసినట్టు ఊహించి, అవి కలిసేచోటికి కాస్త పైన గురిపెట్టారు. ఒక్కటే చప్పుడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోతే పక్కన కూర్చుని చెప్పుకొచ్చారు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో 1890ల్లో మెత్తని ముక్కు తూటా తయారయింది. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఇది క్రూరమని 1899లో హేగ్ సభ యుద్ధాల్లో నిషేధించింది. వేటగాళ్ళు మాత్రం అటువంటి దాన్నే కోరుకున్నారు. విడ్డూరంగా లేదూ? గాయపడిన సిపాయికి ఆసుపత్రి ఉంది. గాయపడిన దుప్పి పొదల్లో పడి రోజుల తరబడి చావాలి. ఉన్నపళంగా పడగొట్టే తూటాయే దానికి దయ. ఏనుగుకూ అడవిదున్నకూ అయితే లోతుగా దిగే గట్టి తూటా కావాలి.

పిస్తోలుకు రైఫిలు వేగం లేదు. మెత్తని తూటా విచ్చుకోకపోవచ్చు. విచ్చుకుంటే లోతుకు దిగకపోవచ్చు. అమెరికాలో 1955లో పాయింటు 44 మాగ్నమ్ వచ్చాక దానితో జింకలను కొట్టేవారున్నారు. వారూ బాగా దగ్గరికి వెళ్ళవలసిందే. మామయ్య ఎరిగిన షికారీలు రివాల్వరును గాయపడ్డ మృగం బాధ తీర్చడానికే ఉంచుకునేవారు.

1972 చట్టంతో మన దేశంలో షికారు రోజులు ముగిశాయి. పశువైద్యుల చేతిలో ఇప్పుడు ఇంజక్షను ఉంది. నాకు మాత్రం సాయిబు అడిగిన మాటే గుర్తుంది.

"దానికి తెలిసిందా బాబూ?"

"లేదు" అన్నారు మామయ్య. నిజంగానే తెలియలేదు.