మొటిమలకు మందెంత అవసరమో ఓర్పూ అంతే అవసరం

పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. చున్నీతో సగం ముఖం కప్పుకుని తల వంచుకు కూర్చుంటుంది. మాట్లాడేదంతా తల్లే. "వేడి చేసి మొటిమలు వచ్చాయనుకున్నామండీ. మందుల షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. వారం తిరిగేసరికి ముఖం నున్నగా, తెల్లగా వచ్చింది. మానేస్తే మంట, ఎరుపు, మునుపటికి రెట్టింపు మొటిమలు. మళ్ళీ రాస్తే తగ్గుతాయి. ఎనిమిది నెలలుగా ఇదే వరస. పై నెలలో పెళ్ళిచూపులు..."

చర్మవైద్యుల దగ్గరకు ఇలాంటి తల్లీకూతుళ్ళు తరచు వస్తూనే ఉంటారు. ఆ క్రీము గొట్టం మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఇవన్నీ స్టెరాయిడ్లు. కొన్ని చర్మవ్యాధులకు మంచి మందులే. కాని మొటిమలకు పనికిరావు. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రని రక్తనాళాలు పైకి తేలి, ఎండ సోకితే మండుతుంది. పైగా ఆ క్రీమే కొత్త మొటిమలను తెస్తుంది! 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని కట్టడి చేసింది. అయినా పక్కింటివారు చెప్పారనో, తెల్లబడతామనో రాసుకునేవారు నేటికీ ఉన్నారు.

మరి మొటిమలకు ఏం చేయాలి?

అసలు ఎందుకు వస్తాయి?

చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక తైలగ్రంథి ఉంటుంది. యుక్తవయస్సులో ఆండ్రోజన్ హార్మోనుల ప్రభావం వల్ల ఈ గ్రంథులు ఎక్కువ జిడ్డును తయారుచేస్తాయి. రంధ్రం లోపలి మృతకణాలు ఈ జిడ్డుతో కలిసి బిరడాలాగా అడ్డుపడతాయి. లోపల నిలవపడిన జిడ్డులో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. వాపు, ఎరుపు, చీము ఆ తరువాతి సంగతులు.

కాబట్టి మొటిమలు రావడం శుభ్రత లోపం కాదు. ముక్కు మీద కనిపించే నల్ల చుక్కలు కూడా మురికి కాదు. ఎంత తోమినా అవి పోకపోవడానికి కారణం అదే.

ఉదయం చేయవలసినవి

నిద్ర లేచాక మామూలు నీటితోగాని, గోరువెచ్చని నీటితోగాని ముఖం కడుక్కోండి. ఒంటి సబ్బు క్షారగుణం కలది. ముఖానికి మృదువైన ఫేస్‌వాష్ మేలు. జిడ్డు మరీ ఎక్కువైతే 2 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉన్నది వాడవచ్చు. వేళ్ళతో మెల్లగా రుద్ది, తువ్వాలుతో అద్దుకోండి. రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు మరోసారి చాలు. అయిదారుసార్లు కడిగితే జిడ్డు తగ్గదు సరికదా, చర్మం ఎండిపోయి మందులను తట్టుకోలేదు.

"నాది జిడ్డు ముఖం, మళ్ళీ మాయిశ్చరైజరు ఎందుకు?" అంటారు. మొటిమల మందులు చర్మాన్ని పొడిబారుస్తాయి కనుక అది అవసరమే. జెల్ రూపంలో, పైన "నాన్ కామెడోజెనిక్" అని రాసి ఉన్నది ఎంచుకోండి. అంటే రంధ్రాలను మూయనిది అని అర్థం. దానిపైన ఎస్.పి.ఎఫ్. 30 సన్‌స్క్రీను. మనలాంటి చామనఛాయ చర్మంలో మొటిమ మానినా నల్లమచ్చ మిగులుతుంది. ఎండ ఆ మచ్చను మరింత ముదురు చేస్తుంది.

రాత్రి చేయవలసినవి

ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, డాక్టరు సలహాతో 0.1 శాతం అడాపలీన్ జెల్ రాయవచ్చు. బఠాణీ గింజంత ముఖమంతటికీ సరిపోతుంది. మొటిమ ఉన్నచోటే చుక్క పెడితే లాభం లేదు. ఇవాళ కనిపించే మొటిమ కొన్ని వారాల కిందటే లోపల మొదలైంది. ఇంకా పైకి రానివాటిని కూడా ఆపడమే ఈ మందు పని. కళ్ళ చుట్టూ, ముక్కు మూలల్లో, పెదవుల చివర రాయకండి. మొదట్లో రోజు విడిచి రోజు రాసి, అలవాటయ్యాక ప్రతి రాత్రీ రాయండి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు వాడకూడదు.

చీము మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ మంచిది. 2.5 శాతం ఉన్నది 10 శాతం దానితో దాదాపు సమానంగా పనిచేస్తుంది, మంట తక్కువ. అయితే దిండు గలీబుల రంగు పోగొడుతుంది, జాగ్రత్త!

మొదటి రెండు మూడు వారాల్లో పొట్టు లేవవచ్చు, మొటిమలు కాస్త ఎక్కువైనట్లూ అనిపించవచ్చు. చాలామంది ఇక్కడే మానేస్తారు. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. వారంలో తగ్గిస్తానన్న క్రీమును చూస్తే అనుమానించండి.

ఇవి మానండి

మొటిమలు గిల్లవద్దు, గుంటలు పడతాయి. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు ముఖానికి పూయవద్దు. నలుగు ఒంటికి సరే, మొటిమలున్న ముఖాన్ని శనగపిండితో తోమవద్దు. తలకు నూనె దట్టంగా పెడితే అది నుదుటిమీదికి జారి అక్కడ మొటిమలు తెస్తుంది. దిండు గలీబు తరచు మార్చండి.

తిండి సంగతి

1969లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో చాక్లెట్‌కూ మొటిమలకూ సంబంధం లేదన్నారు. అయితే పోల్చడానికి ఇచ్చిన బిళ్ళలోనూ చక్కెర, కొవ్వు బాగానే ఉన్నాయి! 2007లో ఆస్ట్రేలియాలో 12 వారాలపాటు, రక్తంలో చక్కెరను త్వరగా పెంచని ఆహారం తిన్న యువకులకు మొటిమలు తగ్గాయి. కనుక కూల్‌డ్రింకులు, మిఠాయిలు, మైదా తగ్గించడం మంచిదే. వ్యాయామశాలకు వెళ్ళే కుర్రాళ్ళు తీసుకునే వే ప్రోటీన్ పొడితో కొందరికి మొటిమలు పెరుగుతాయి. పప్పు, కూర, పెరుగన్నం గురించి భయపడనక్కరలేదు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

లోతైన గడ్డలు, నొప్పి, గుంటలు ఉంటే ఆలస్యం చేయకండి. నెలసరి సక్రమంగా రాక, గడ్డం మీద వెంట్రుకలు కూడా ఉంటే అండాశయాల్లో నీటి బుడగల సమస్య ఉందేమో పరీక్ష చేయించాలి. తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి. కాని వాడుతున్నప్పుడు, ఆపిన తరువాత నెలరోజుల వరకు గర్భం రాకూడదు. బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలుగుతాయి. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాటిని ముట్టుకోవద్దు.

ఇక మొదట చెప్పిన అమ్మాయి మాట. స్టెరాయిడ్ క్రీము మాన్పించాలి, డాక్టరు చేతుల మీదుగా. మానగానే కొన్నాళ్ళు ముఖం ఎర్రబడి మండుతుంది. చర్మం కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. పెళ్ళిచూపులు వాయిదా వేసుకోవచ్చు, చర్మాన్ని మాత్రం తొందరపెట్టలేం. తల్లులకు ఒక మనవి: అద్దం ముందు నిలబడ్డ పిల్లను "ఆ ముఖమేమిటే" అనకండి. ఆ మాట మొటిమకంటే లోతైన మచ్చ పెడుతుంది.