గుండెనొప్పియు గృహిణియు



భర్తకు రొమ్ము బరువెక్కినదనగానే వైద్యునికై కబురంపునది యిల్లాలు. తనకే యట్లయినపుడు మాత్రము “పైత్యము కాబోలు” నని జీలకఱ్ఱ నమిలి, వంట ముగించి, అందఱకును వడ్డించి, పిదప నడుము వాల్చును. ఈ యోర్పు సద్గుణమని మనకు బాల్యమునుండియు నేర్పిరి. గుండెజబ్బు విషయమున నిది ప్రాణాపాయకరము.

చరకసంహిత శిరస్సు, హృదయము, వస్తి యను మూడింటిని ప్రధానమర్మములుగా పేర్కొన్నది. గుండెకు రక్తము గొనిపోవు నాళములో గడ్డ యేర్పడి దారి మూసికొన్నచో, దానిపై నాధారపడిన కండరము క్షణక్షణమునకు నశించునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. గడ్డను కరగించు మందుగాని, నాళమును తెఱచు చికిత్సగాని యెంత త్వరగా జరిగిన నంత కండరము దక్కును.

రొమ్ము నడుమ బిగింపు, బరువు, మంట స్త్రీపురుషు లిరువురకును సామాన్య లక్షణములే. అవి చేతులకు, దవడకు, మెడకు, వీపునకు ప్రాకవచ్చును. స్త్రీలలో వీనితోపాటు ఆయాసము, వికారము, కారణము తెలియని నీరసము హెచ్చుగా కానవచ్చును. మధుమేహము గలవారికి నొప్పియే తెలియకపోవచ్చును. ఇట్టి బాధ కొలది నిమిషములలో తగ్గకున్నను, చల్లని చెమటగాని యూపిరాడమిగాని మూర్ఛగాని కలిగినను, ప్రసిద్ధ వైద్యుడెవరని వెదకుచు గూర్చుండరాదు. వెంటనే 108కి ఫోను చేయవలయును. 2005లో ఆంధ్రదేశమున నారంభమైన యీ వాహనసేవ ఉచితము. ఆసుపత్రి చేరిన పది నిమిషములలో ఇ.సి.జి. తీయవలెనని వైద్యుల నియమము. మొదటిది బాగుగ నున్నదన్నను, బాధ తగ్గనిచో మరల తీయుడని యడుగవలయును. రొమ్ముపై పరికరములు పెట్టుదురని సిగ్గుపడి కొందఱు వెనుదీయుదురు. దగ్గఱ నొక స్త్రీ యుండవలెనని కోరుటలో తప్పులేదు. పరీక్షనే మానుకొనుట తగదు.

మేమెఱిగిన యొక గృహిణి, మెట్లెక్కునపుడెల్ల దవడ లాగుచున్నదని నెలదినములు పంటివైద్యునిచుట్టు దిరిగెను. నిలిచినతోడనే నొప్పి పోవుచున్నదని యామెయు చెప్పలేదు, ఆయనయు నడుగలేదు. ఆ మాట విన్న వేఱొక వైద్యుడు వెంటనే గుండెపరీక్షకు పంపెను. శ్రమతో వచ్చి విశ్రాంతితో పోవు నొప్పి, మునుపులేని యాయాసము, పండుకొన్నపుడు ఊపిరి చాలకపోవుట, కాళ్ళవాపు, గుండెదడ, ఇవి కలిగినవారు కొలదిదినములలోనే వైద్యునికి చూపుకొనవలయును. విశ్రాంతిలోనే నొప్పి వచ్చినచో ఆ దినమే పోవలయును. గర్భిణిగా నున్నపుడు రక్తపుపోటుగాని, చక్కెరగాని హెచ్చినవారికి తరువాతికాలమున గుండెజబ్బు భయ మధికము. కాన్పు జరిగి యిరువదేండ్లయినను ఆ సంగతి చెప్పవలయును. చిన్ననాట రుమాటిక్ జ్వరము వచ్చి గుండెకవాటములు చెడినవారు గర్భధారణకు ముందే నిపుణుని సలహా పొందుట క్షేమము.

ఇక నిపుణుని యెన్నిక. మొదట కుటుంబవైద్యుని చూచి, ఆయన యుత్తరముతో పోవుట మేలు. ఎం.డి. పిదప హృద్రోగశాస్త్రమున డి.ఎం. వంటి పట్టము పొందినవారు కార్డియాలజిస్టులు. గుండెకు శస్త్రచికిత్స చేయువారు వేఱు. వారికి సామాన్యముగ ఎం.సిహెచ్. పట్టముండును. గుండెలయ తప్పినవారికై ప్రత్యేక శిక్షణ పొందినవారు కలరు. పేరు రాష్ట్రవైద్యమండలిలో నమోదైనదో లేదో తెలిసికొనవచ్చును. పట్టములు చూచిన పిదప నడవడి చూడవలయును. మన బాధను మన నోట విన్నాడా, ప్రక్కనున్న భర్తతోనే మాటలాడి పంపెనా? పరీక్ష యెందులకో, మందెన్నాళ్ళో తెలిపెనా? మనదేశమున తొలి మహిళా హృద్రోగనిపుణురాలుగ పేరొందిన పద్మావతిగారు 1962లో అఖిలభారత హృదయ సంస్థను స్థాపించిరి. స్త్రీ వైద్యురాలు దొరకినచో సంతోషమే, దొరకలేదని మాత్రము జాగు చేయరాదు.

హఠాత్తుగ గుండెపోటు వచ్చినపుడు స్టెంటు ప్రాణము నిలుపును. అపుడు తర్కము వలదు. రోగము నిలకడగ నున్నపుడు వేయుమన్నచో, “మందులతో సాగునా?” యని యడిగి, రెండవ వైద్యుని యభిప్రాయమును గొనవచ్చును. ప్రధాననాళము చెడని యట్టి రోగులలో, మందులతో నారంభించినవారికంటె వెంటనే స్టెంటుగాని శస్త్రచికిత్సగాని పొందినవారిలో మరణములు తగ్గలేదని 2020లో ప్రచురితమైన ఇస్కీమియా యను పరిశోధన తేల్చినది. నొప్పి యుపశమనము మాత్రము హెచ్చుగ కలిగినది. స్టెంటుల ధరకు కేంద్రప్రభుత్వము 2017లో గరిష్ఠపరిమితి విధించినది. కాన బిల్లులో స్టెంటు ధరను విడిగ చూపుమని యడుగుడు.

వైద్యునియొద్దకు పోవునపుడు పాత ఇ.సి.జి.లు, మందుల పేర్లు, బాధ యెపుడు వచ్చి యెంతసేపున్నదో వ్రాసిన కాగితము గొనిపోవలయును. వంటయింటి గోడపై 108 అంకెను, రేయింబవళ్ళు ఇ.సి.జి. తీయు దగ్గఱి ఆసుపత్రి పేరును నేడే వ్రాసి యుంచుకొందము. అత్తగారికిని, కోడలికిని, పనిమనిషికిని అవి తెలిసియుండవలయును. మనకే యాపద వచ్చినపుడు ఫోను చేయవలసినవారు వారే కదా.