ఇల్లూ ఉద్యోగమూ – నడుమ ఒక పొరపాటు



"ఇంటి సంగతులు ఇంట్లోనే వదిలి రావాలి" అని ఉద్యోగస్తులకు పెద్దలు చెబుతుంటారు. చెప్పడం తేలికే. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవారో, జ్వరంతో మూలిగే పసిబిడ్డో ఉంటే, వారి తలపును గడప దగ్గర దించి రావడం ఎవరి తరం? అలాంటి రోజుల్లో మన పనిలో పొరపాట్లు ఎందుకు జరుగుతాయి, జరిగినప్పుడు ఏం చేయాలి, జరగకుండా ఎలా చూసుకోవాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ముందుగా నా పొరపాటే చెబుతాను.

నేను కోలారు జిల్లాలో ఉపాధ్యాయినిని. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కొన్నేళ్ల కిందట మా అత్తగారు పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాం. రాత్రి రెండు మూడుసార్లు లేవాలి, పక్కకు తిప్పాలి, మందు ఇవ్వాలి. తెల్లవారితే వంట, ఆపైన బడి. అప్పుడే అర్ధ సంవత్సర పరీక్షలు ముగిశాయి. దిద్దిన లెక్కల పేపర్లు ముందు పెట్టుకుని మార్కులు రిజిస్టరులో ఎక్కిస్తున్నాను. 23వ సంఖ్య పిల్లవాడి మార్కులు వేశానో లేదో, ఇంటినుంచి ఫోను. "అమ్మాయీ, తెల్ల మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా?" అని అత్తగారు. చెప్పి వచ్చి కూర్చున్నాను. అదే పేపరు మార్కులు 24వ వరుసలో మళ్లీ వేశాను. అక్కడినుంచి అందరి మార్కులూ ఒక వరుస కిందికి జారాయి. 48వ పిల్లవాడు పరీక్షకే రాలేదు కాబట్టి చివర పేపరు మిగలలేదు. లెక్క సరిపోయిందనుకుని రిజిస్టరు మూసేశాను.

మార్క్స్ కార్డులు ఇళ్లకు వెళ్లాయి. వారం తరువాత పేపర్లు పంచుతుంటే, 31వ సంఖ్య అమ్మాయి లేదు. ఆమె పేపరు అందుకున్న స్నేహితురాలు నిలబడి, "టీచర్, ఇందులో 68 ఉంది. వాళ్లింటికి వచ్చిన కార్డులో 19 ఉంది. వాళ్ల నాన్న చదువు మాన్పించేశాడు. మల్బరీ ఆకు కోతకు పోతా ఉంది" అన్నది. నా కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

నిజం దాచను. నాకు తోచిన మొదటి ఆలోచన, రిజిస్టరు గుట్టుగా దిద్దేసి కొత్త కార్డులు రాసి పంపుదామని. ఆలస్యం అమృతం విషం అంటారు. ఆ మధ్యాహ్నమే ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్లి 25 వరుసలు తప్పు వేశానని చెప్పాను. చీవాట్లు తిన్నాను. సాయంత్రం తోటి ఉపాధ్యాయినిని తోడు తీసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. పేపరు చూపి, "తప్పు పిల్లది కాదయ్యా, నాది" అన్నాను. ఆయన చాలాసేపు ఆ పేపరే చూస్తూ, "బిడ్డ చెప్తానే ఉండె మేడం, నేనే నమ్మలేదు" అన్నాడు. మరునాడు అమ్మాయి బడికి వచ్చింది. నేను మౌనంగా కార్డు మార్చి పంపి ఉంటే, ఆ కార్డు ఆ ఇంటికి చేరేసరికి ఆమె పేరు హాజరుపట్టీలో ఉండేదో లేదో.

ఇక ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. మనిషి మనసు ఒక సమయంలో పట్టి ఉంచుకోగలిగే విషయాలు చాలా కొద్ది. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో అవి ఏడు దాకా ఉంటాయన్నాడు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను నాలుగుకు తగ్గించారు. ఆ నాలుగు చోట్లలో రెండింటిని మందుల వేళ, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన తేదీ ఆక్రమిస్తే, పనికి మిగిలేది సగమే. దీనికి నిద్రలేమి తోడవుతుంది. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన ప్రకారం, 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానం. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు పెట్టిన హద్దు 0.03 శాతమే. చుక్క తాగని ఇల్లాలు కూడా రాత్రంతా సేవ చేసి వస్తే ఆ స్థితిలోనే బల్ల ముందు కూర్చుంటుందన్నమాట.

మన సరిహద్దు ఇళ్లలో ఇంకొక బరువు ఉంది. పెద్దవారికి తెలుగే వస్తుంది. డాక్టరు కన్నడంలో చెబుతాడు, చీటీ ఇంగ్లీషులో రాస్తాడు. ఈ మూడూ తెలిసినవారు ఇంట్లో ఒక్కరే ఉంటే, ఆస్పత్రి, బ్యాంకు, రేషను ఆఫీసు అన్నీ వారి తలమీదే. మా అత్తగారిని "ముందిన వార" మళ్లీ తీసుకురమ్మన్నారు. కన్నడంలో అది వచ్చే వారం. ఆమె చెవికి అది తెలుగులో ముందటి వారం. "గడిచిపోయిన వారానికి ఎట్లా పోయేది?" అని రెండు రోజులు దిగులు పడ్డారు. అందుకే అలాంటి మాటలు విన్నప్పుడు తేదీనే అడిగి రాసుకోవాలి.

పొరపాటు జరగకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 1935లో అమెరికాలో బోయింగ్ సంస్థవారి కొత్త యుద్ధవిమానం ఒకటి పరీక్షా ప్రయాణంలో కూలి, ఇద్దరు మరణించారు. విమానాన్ని అదుపు చేసే పలకలు కదలకుండా బిగించిన గడియను తీయడం అనుభవజ్ఞులైన వైమానికులే మరచిపోయారు. ఆ తరువాత చేయవలసిన పనులను కాగితం మీద వరుసగా రాసి, ఒక్కొక్కటి సరిచూసుకున్నాకే విమానం లేపే పద్ధతి వచ్చింది. మనమూ అంతే. పని మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఆగిన వరుస కింద పెన్సిలు గీత పెట్టి లేవాలి. ముగిశాక మొదటిది, నడిమిది, చివరిది మళ్లీ సరిచూడాలి. వీలైతే ఒకరు చదువుతుంటే మరొకరు చూడాలి. డబ్బు, మార్కులు, మందులు ఈ మూడింటికీ ఈ నియమం తప్పనిసరి.

ఇంట్లోనూ ఒక కాగితం ఉండాలి. ఏ మందు ఏ వేళకో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించండి. ఇచ్చినవారు గుర్తు పెట్టాలి. మా ఇంట్లో ఆ కాగితం అంటించాక తెల్ల మాత్ర గురించి నాకు ఫోను రాలేదు. మా వారు, మా మరిది రాత్రి వంతులు పంచుకున్నారు. ఇది ఉపకారం కాదు, వారి తల్లి సేవే కదా. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు ఆ పనిలో గడుపుతుంటే, ఇంటిపని చేసే పురుషులు గడిపేది 97 నిమిషాలని తేలింది. అసలు ఇంటిపనిలో చేయి పెట్టే పురుషులే నూటికి 26 మంది.

సెలవుల సంగతి కూడా తెలుసుకోవాలి. ప్రసూతి సెలవును 2017లో 12 వారాలనుంచి 26 వారాలకు పెంచారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు, మొదటి ఇద్దరు పిల్లల కోసం, వారికి 18 ఏళ్లు నిండేలోగా మొత్తం 730 రోజుల వరకు శిశు సంరక్షణ సెలవు ఉంది. 2018నుంచి ఒంటరి తండ్రులకూ ఇది వర్తిస్తుంది. పెద్దల సేవకోసం ఏటా లభించే 30 రోజుల ఆర్జిత సెలవును వాడుకోవచ్చని 2025లో ప్రభుత్వం రాజ్యసభకు తెలిపింది. రాష్ట్ర ఉద్యోగాల్లో, ప్రైవేటు సంస్థల్లో నియమాలు వేరు. మీకు ఏది వర్తిస్తుందో కార్యాలయంలో అడిగి ముందే రాసి పెట్టుకోండి. అవసరం పడిన రాత్రి అడగడానికి ఎవరూ దొరకరు.

పై అధికారులకు ఒక మనవి. పొరపాటు చెప్పుకోవడానికి వచ్చినవారిని నలుగురిలో నిలబెట్టి అవమానిస్తే, మరొకసారి ఎవరూ వచ్చి చెప్పరు. మందలించండి, కానీ దిద్దుకునే దారి కూడా చూపండి.

ఇంట గెలిచి రచ్చ గెలువమని తెలుగులో అంటాం. కన్నడంలో "మనె గెద్దు మారు గెల్లు" అంటారు. ఇల్లు ఒక్కరే గెలవలేరు. ఇంట్లో అందరూ తలా ఒక చేయి వేయాలి. ఈ రాత్రి భోజనాల వేళ మీ ఇంట్లో ఆ వంతుల మాట ఎత్తి చూడండి.